పడవ మరమ్మతుకు సరైన కలప: గాయం నుంచి బిగింపు దాకా

పడవలో ఒక పలక చీకిపోయిందనుకోండి. "ఏ చెక్క వెయ్యమంటారు?" అని నలుగురిని అడిగితే ముగ్గురు టేకు అంటారు. టేకు మంచి కలపే, అనుమానం లేదు. కానీ ఆవిరి పట్టి వంచాల్సిన పక్కటెముకకు, అంటే లోపలి నుంచి పలకలను పట్టి ఉంచే వంపు చెక్కకు, టేకు తెస్తే సరిగా వంగదు. తెరచాప స్తంభానికి వాడితే పైబరువు పెరిగి పడవ ఊగుతుంది. చుట్టూ తేలికైన సెడార్ పలకలున్న చోట ఒక్క బరువైన గట్టి పలక బిగిస్తే అది పక్కవాటితో కలిసి ఉబ్బదు, కలిసి ఆరదు. ఆ పొసగకపోవడం వల్ల సందులు తెరుచుకుని నీళ్ళు వస్తాయి.

అందుకే ఏ కలప గొప్పదని అడగకండి. పడవలో ఈ చోట, ఈ పక్క చెక్కల మధ్య, ఏ కలప ఇమిడి ఉంటుందని అడగండి. ఆ తరువాత చేతిలో ఉన్న పలకను పట్టిపట్టి చూడాలి. మంచి జాతి కలపలో చెడ్డ పలకలు ఉంటాయి, మామూలు జాతిలో మంచి పలకలు దొరుకుతాయి. నేను ఈ పని నేర్చుకున్నది ఎక్కువగా తప్పులు చేసే. వాటిలో రెండు మీకు చెప్తాను.

1. ముందు గాయాన్ని చదవండి

కొత్త చెక్క కొనేముందు పాతది ఎందుకు పోయిందో తెలియాలి. కారణం అలాగే ఉంటే ఎంత మంచి కలప వేసినా మళ్ళీ పోతుంది.

ఒక మొద్దుబారిన స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి తీసుకోండి. పలక పొడవునా తట్టుకుంటూ వెళ్తే గట్టి చెక్క కంగుమంటుంది, చీకిన చోట శబ్దం చప్పగా, దబ్‌మని వస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడవండి. గట్టి చెక్కను గుచ్చి పైకి లేపితే పొడవాటి పేడు చిట్లుతూ లేస్తుంది. కుళ్ళిన చెక్కలో పేడు రాదు, పొట్టిగా తుంపులు తుంపులుగా విరిగిపోతుంది. చూడటానికి రంగు బాగానే ఉన్నా పేడు రాలేదంటే ఆ చెక్క లెక్కలోది కాదు.

చాలామంది కుళ్ళు అంటే పడవ అడుగున వస్తుందనుకుంటారు. ఎక్కువగా వచ్చేది పైనే. వాన నీళ్ళు నిలిచే డెక్ (పడవ పైతలం) మూలలు, గాలి ఆడని పెట్టెల లోపల, స్తంభం కాలు ఆనే చోటు, ఫిట్టింగుల కింద బోల్టు రంధ్రాలు. కుళ్ళు పుట్టించే శిలీంధ్రానికి తేమ, గాలి రెండూ కావాలి. 20 శాతం కన్నా తక్కువ తేమ ఉన్న చెక్కలో అది ఎదగలేదు, పూర్తిగా నీళ్ళలో మునిగి గాలి అందని చెక్కలోనూ బతకలేదు. 1628లో స్టాక్‌హోమ్ రేవులో మునిగిపోయిన వాసా అనే స్వీడన్ యుద్ధనౌకను 1961లో పైకి తీశారు. 333 ఏళ్ళు నీటి అడుగున ఉన్న ఆ ఓక్ చెక్క రూపం చెడకుండా నిలిచింది. బాల్టిక్ నీళ్ళలో ఉప్పు తక్కువ కావడంతో అక్కడ చెక్కను తొలిచే ఓడపురుగు లేకపోవడం పెద్ద కలిసొచ్చిన విషయం. అసలు కష్టం బయటికి తీశాక మొదలైంది. ఆరితే బీటలు వారిపోతుందని ఏళ్ళ తరబడి దానిమీద మందు నీళ్ళు చల్లుతూనే ఉన్నారు.

ఓడపురుగు పేరుకు పురుగే గానీ నిజానికి ఆల్చిప్పల జాతిది. ఉప్పునీటిలో ఉంటుంది. సూదిమొనంత రంధ్రంతో లోపలికి దూరి, చెక్కను పొడవునా తొలుస్తుంది. పైన చిన్న చుక్క కనిపిస్తుంది, లోపల వేలు పట్టేంత సొరంగం ఉంటుంది. మీ గాయం అలాంటిదైతే కలప మార్చినంత మాత్రాన సరిపోదు, అడుగుకు రక్షణ పూత సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. టేకును కూడా అది పూర్తిగా వదిలిపెట్టదు.

కుళ్ళు కనబడిన చోటితో కోత ఆపకండి. కంటికి కనిపించే దానికన్నా ఆ బూజు ముందుకు పోయి ఉంటుంది. గట్టి చెక్క మొదలైందనుకున్న చోటు నుంచి ఇంకో జానెడు దాటి కోయండి. కోసి తీసిన ముక్కను మాత్రం పారేయకండి. దానితో తరువాతి పని ఉంది.

2. పాత చెక్కను గుర్తుపట్టండి

తీసిన ముక్కలో గట్టిగా మిగిలిన భాగాన్ని కోసి, మూడు వైపులా చిత్రిక పట్టి, శుభ్రమైన చెక్క బయటపడేలా చేయండి. పైన ఏళ్ళ తరబడి పట్టిన రంగు, నూనె, మురికి ఏ కలపనైనా ఒకేలా కనిపించేలా చేస్తాయి.

ముందు వాసన చూడండి. టేకుకు తోలు లాంటి, నూనె కలిసిన వాసన ఉంటుంది, తాజాగా చిత్రిక పట్టిన ముఖం వేళ్ళకు కాస్త జిడ్డుగా, మైనంలా తగులుతుంది. సెడార్ వాసన ఒకసారి చూస్తే మరచిపోరు. డగ్లస్ ఫర్ బంక వాసన వేస్తుంది.

తరువాత బరువు. 10 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, 2 మందం ఉండేలా ఒక ముక్క కోయండి. అది సరిగ్గా 100 ఘన సెంటీమీటర్లు. ఆరిన ఆ ముక్కను వంటింటి త్రాసులో తూచి, వచ్చిన గ్రాములను 10తో హెచ్చవేస్తే ఘనమీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. వెస్టర్న్ రెడ్ సెడార్ 370 దరిదాపుల్లో, సిట్కా స్ప్రూస్ 430 దగ్గర, డగ్లస్ ఫర్ 530 దగ్గర, టేకు 650 దగ్గర, వైట్ ఓక్ 750 దగ్గర ఉంటాయి. చెట్టును బట్టి కొంత అటూఇటూ అవుతుంది, అయినా తేలిక కలపా బరువు కలపా అన్నది ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది.

ఓక్ విషయంలో ఇంకో పరీక్ష తప్పకుండా చేయాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు ఖరీదైనది. వైట్ ఓక్, రెడ్ ఓక్ పక్కపక్కన పెడితే కొత్తవాళ్ళకు తేడా తెలియదు. చెక్క నిలువు పీచు వెంట వేలెడు పొడవున్న సన్నని కడ్డీ కోయండి. ఒక కొసను గ్లాసు నీళ్ళలో ముంచి, రెండో కొసను నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదండి. రెడ్ ఓక్ అయితే నీళ్ళలో బుడగలు వస్తాయి, స్ట్రాలో ఊదినట్టే. దాని రంధ్రాలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తెరిచి ఉంటాయి. ఊపిరి ఎలా పోయిందో నీళ్ళూ అలాగే పోతాయి. వైట్ ఓక్ చేవలో, అంటే చెట్టు నడుమ ముదురు చెక్కలో మాత్రం ఆ రంధ్రాలను టైలోసిస్ అనే పలుచని పొరలు పూడ్చేస్తాయి, బుగ్గలు నొప్పెట్టేలా ఊదినా బుడగ రాదు. పడవకూ పీపాలకూ వైట్ ఓక్ వాడటానికి కారణం ఇదే. రెడ్ ఓక్ ఇంటి బల్లకు బాగుంటుంది, పడవకు వద్దు.

పాత కలప ఏదో తెలిస్తే, అది ఆ చోట చాలా ఏళ్ళు బాగా పనిచేసి ఉంటే, అదే కలప వేయడం అన్నిటికన్నా మంచిది. దొరకకపోతే దాని బరువుకూ, ఉబ్బే స్వభావానికీ దగ్గరగా ఉన్నదాన్ని వెతకాలి.

3. ఆ చెక్క చేసే పని ఏమిటి?

కీల్ అనే అడుగు దూలానికి బరువు ఒక లోపం కాదు, మేలే. గట్టిగా, చీలకుండా, దెబ్బలు తట్టుకునేలా ఉండాలి. ఓక్, ఆఫ్రికా కలప ఇరోకో, టేకు వంటివి సరిపోతాయి. ఎల్మ్‌ను కూడా యూరప్‌లో కీల్‌కు వాడారు. దాని పీచు ఒకదానిలో ఒకటి మెలిపడి ఉండటం వల్ల మేకు దిగినా చీలదు. ఎప్పుడూ మునిగి ఉంటే చాలాకాలం నిలుస్తుంది, తడిసి ఆరి తడిసే చోట పెడితే త్వరగా పోతుంది. కాబట్టి నీటి గీత పైన ఎల్మ్ వద్దు.

పక్కటెముకలు వంగాలి, మేకు పట్టు వదలకూడదు. ఆవిరితో వంచే పనికి వైట్ ఓక్ పెట్టింది పేరు. ఇక్కడ చాలామంది చేసే తప్పు బట్టీలో బాగా ఎండబెట్టిన చెక్క తేవడం. అది ఆవిరిలో ఎంతసేపు పెట్టినా వంచేటప్పుడు ఫట్‌మని విరుగుతుంది. పచ్చిగా ఉన్నదో, గాలికి ఆరినదో కావాలి. 25 మిల్లీమీటర్ల మందానికి గంట చొప్పున ఆవిరి పట్టండి. ఇంకాసేపు ఉంచితే ఇంకా మెత్తబడుతుందనుకుని గంటల తరబడి వదిలేస్తే చెక్క పెళుసవుతుంది. పెట్టెలోంచి తీశాక మీకుండేది కొద్ది క్షణాలే, కాబట్టి బిగించే చోటు, బిగింపులు, తోడు మనిషి అన్నీ ముందే సిద్ధంగా ఉండాలి.

వంచడానికి వీలుకానంత వంకర ఉన్న భాగాలకు, అంటే డెక్ దూలానికీ పక్కకీ మధ్య మూలలో పట్టు ఇచ్చే మోచేతి చెక్కలకు, వంకరగా పెరిగిన కొమ్మ లేదా వేరు మొదలు వెతకండి. తిన్నని పలకలో ఆ ఆకారం కోస్తే మూల దగ్గర పీచు అడ్డంగా తెగిపోతుంది, బలం అక్కడే కావాలి, అక్కడే ఉండదు. 1797లో నీటిలోకి దిగిన అమెరికన్ నౌక కాన్‌స్టిట్యూషన్ అస్థిపంజరానికి లైవ్ ఓక్ అనే చెట్టును వాడారు. దాని కొమ్మలు సహజంగానే వంకరగా, విపరీతమైన గట్టితనంతో పెరుగుతాయి. ఆ ఓడ ఇప్పటికీ బోస్టన్‌లో తేలుతోంది. దాని పలకల మరమ్మతుకు కావాల్సిన వైట్ ఓక్ చెట్లను ఇండియానా రాష్ట్రంలోని క్రేన్ దగ్గర నౌకాదళమే ప్రత్యేకంగా పెంచుకుంటోంది.

పక్క పలకలకు తక్కువ ఉబ్బు, తిన్నని పీచు, ముడులు లేకపోవడం ముఖ్యం. చిన్న పడవలకు సెడార్, కాస్త పెద్దవాటికి లార్చ్, డగ్లస్ ఫర్, మహాగని, టేకు. డెక్‌కు టేకును మించింది నాకు తెలియదు. తడిసినా కాలు జారదు, ఎండకూ ఉప్పుకూ ఓర్చుకుంటుంది, రంగు వెయ్యకపోయినా బూడిద రంగులోకి మారి అలాగే ఉంటుంది. స్తంభానికి సిట్కా స్ప్రూస్, అంతకన్నా బరువైనా చౌకైన డగ్లస్ ఫర్. స్ప్రూస్ తన బరువుకు తగ్గట్టు అద్భుతమైన బలం ఇస్తుంది, కానీ కుళ్ళును ఏమాత్రం తట్టుకోదు. వార్నిష్ ఒక్కచోట పగిలినా వెంటనే చూసుకోవాలి. తెడ్లకు యాష్ బాగా తట్టుకుంటుంది, అదే యాష్‌ను పడవ ఒంట్లో పెడితే చెమ్మకు చటుక్కున చీకుతుంది.

4. కలప గురించి కొన్ని నిజాలు

టేకు ఎందుకంత నిలుస్తుందంటే దాని చేవలో సహజమైన నూనెలు, కుళ్ళును ఆపే పదార్థాలు ఉంటాయి. తడికి కదలిక చాలా తక్కువ. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్ రేవులో ఇప్పటికీ నీటిమీదే ఉంది. అయితే అడవిలో నెమ్మదిగా పెరిగిన పాత చెట్టు వేరు, తోటల్లో పెంచి చిన్న వయసులో కొట్టిన చెట్టు వేరు. తోట టేకులో చేవ తక్కువ, బెరడు పక్కన ఉండే తెల్లచెక్క ఎక్కువ, నిలిచే గుణం కూడా చెట్టు చెట్టుకూ మారుతుంది. పేరు ఒకటే కాబట్టి గుణం ఒకటే అనుకోకండి. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, చిత్రిక అంచు త్వరగా మొద్దుబారుతుంది. పని మొదలుపెట్టేముందే సానరాయి దగ్గర పెట్టుకోండి.

ఇరోకోను ఆఫ్రికా టేకు అని అమ్ముతుంటారు. టేకుతో దానికి చుట్టరికం లేదు. కానీ నిలకడలో నిజంగా మంచిది. పీచు మెలి తిరిగి ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు చిరుగుతుంది. దాని పొట్టు ఊపిరికీ చర్మానికీ పడదు. సెడార్ పొట్టు కూడా అంతే, కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. మాస్కు లేకుండా ఈ రెండూ కోయొద్దు.

మహాగని పేరుతో వచ్చే కలపలు చాలా ఉన్నాయి. అసలు మధ్య, దక్షిణ అమెరికా పెద్దాకు మహాగని 2003 నుంచి సైటీస్ అనే, అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, అంటే దేశం దాటాలంటే అనుమతి పత్రం కావాలి. దాని స్థానంలో ఆఫ్రికా నుంచి వచ్చే సపెలె ఎక్కువగా వాడుతున్నారు. కొంచెం బరువు, చూడటానికి అందమైన చారలు, నిలకడ మధ్యస్థం. వార్నిష్ వేసి చూసుకునే భాగాలకు బాగుంటుంది. టేకుకు పేరుపడ్డ మయన్మార్ కూడా 2014లో దుంగల ఎగుమతిని ఆపేసింది. ఎక్కడి చెట్టో, కాగితాలు ఏమున్నాయో అడగడానికి మొహమాటపడకండి. జవాబు చెప్పలేని చోట కొనకండి.

మందు పట్టించిన పైన్ చౌకగా దొరుకుతుంది. కానీ ఎక్కువగా తడిగానే అమ్ముతారు, ఆరాక మెలి తిరుగుతుంది. మందు లోపలిదాకా పట్టదు, కోసిన ప్రతి చోటా మందు లేని చెక్క బయటపడుతుంది. తాత్కాలిక పనికి సరే.

5. పలకను చేతిలోకి తీసుకుని చూడండి

డిపోలో మొదట చూడాల్సింది పలక కొస. అక్కడ పెరుగుదల వలయాలు కనిపిస్తాయి. అవి ఎటు తిరిగి ఉన్నాయన్నది చాలా విషయాలు చెప్తుంది.

వలయాలు పలక వెడల్పుకు నిలువుగా, గోడలా నిలబడి ఉంటే దాన్ని క్వార్టర్ కోత అంటారు. వెడల్పు వెంట పడుకుని, నవ్వుతున్న నోరులా వంపు తిరిగి ఉంటే ఫ్లాట్ కోత. చెక్క వలయాల వెంట ఎక్కువగా, వలయాలకు అడ్డంగా తక్కువగా ఉబ్బుతుంది, తేడా దాదాపు రెట్టింపు. వైట్ ఓక్ పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట 10.5 శాతం, అడ్డంగా 5.6 శాతం కుంచించుకుపోతుంది. టేకులో అవే అంకెలు 5.8, 2.5. సెడార్‌లో 5, 2.4. ఈ మూడు జతల అంకెలు చూస్తే టేకునూ సెడార్‌నూ పడవ పనివాళ్ళు ఎందుకంత ఇష్టపడతారో, క్వార్టర్ కోతకు ఎక్కువ డబ్బు పెట్టడానికి ఎందుకు వెనకాడరో అర్థమవుతుంది. పక్క పలకలకూ డెక్‌కూ క్వార్టర్ కోతే తెచ్చుకోండి. ఫ్లాట్ కోత తప్పనిసరైతే వెడల్పు తక్కువ ఉన్న పలకలు తీసుకోండి, వాటి కదలికా తక్కువే.

రెండోది రంగు మారే గీత. చెట్టు నడుమ ముదురు రంగులో ఉండేది చేవ, బెరడు పక్కన పాలిపోయి ఉండేది తెల్లచెక్క. ఏ చెట్టుదైనా సరే తెల్లచెక్క కుళ్ళును తట్టుకోదు. టేకు తెల్లచెక్కకు టేకు గుణం ఉండదు. నా మొదటి తప్పు ఇదే. డెక్ అంచుకు ఒక టేకు పట్టీ కొన్నాను. ఒక అంచు బొటనవేలి వెడల్పున లేత పసుపు రంగులో ఉంది. అడిగితే "అదీ టేకే, నూనె పూస్తే కలిసిపోతుంది" అన్నారు. నూనె పూశాక నిజంగానే కలిసిపోయింది. మూడో వానాకాలానికి ఆ పసుపు అంచు ఒక్కటే, గీత గీసినట్టు, వేలితో గీకితే రాలిపోయేలా తయారైంది. పక్కనే ముదురు చెక్క చెక్కుచెదరలేదు. ఆ పట్టీ ఇప్పటికీ నా పనిబల్ల మీద వేలాడదీసి ఉంచాను, కలప కొనడానికి వెళ్ళేముందు చూస్తాను.

మూడోది పీచు దారి. పలక పక్క అంచు వైపు చూస్తే పీచు గీతలు పొడవునా సాగిపోవాలి. అవి పక్కకు జారి అంచు దాటి బయటికి పోతుంటే ఆ పలక వంచినప్పుడు అక్కడే చీలుతుంది. స్తంభానికి, తెడ్డుకు, పక్కటెముకకు నేను పెట్టుకున్న హద్దు 15 సెంటీమీటర్ల పొడవులో 1 సెంటీమీటరు పక్కకు జారడం. అంతకు మించితే వద్దు. కంటికి సందేహంగా ఉంటే సూదిమొనతో పీచు వెంట గీయండి, మొన దానంతటదే పీచు దారి పట్టుకుని పోతుంది.

ఇక ముడులు. గట్టిగా అతుక్కుని, చిటికెన వేలి గోరు కన్నా చిన్నగా ఉన్న ముడిని వెడల్పాటి పలక మధ్యలో క్షమించొచ్చు. అంచున ఉన్నదాన్ని, చుట్టూ నల్లటి వలయం ఉన్నదాన్ని వద్దనండి. ఆ నలుపు ముడి ఊడిపోబోతోందన్న సూచన. చెట్టు నడిబొడ్డు ఉన్న పలకను కూడా తీసుకోకండి, అది తప్పకుండా బీట వారుతుంది.

పలకను కంటి ఎత్తుకు లేపి పొడవునా ఒక కంటితో చూడండి. కాస్త విల్లులా వంగి ఉంటే పడవ పక్కకు ఆనించేటప్పుడు తిన్నగా తెచ్చుకోవచ్చు. తాడులా మెలి తిరిగి ఉంటే మాత్రం దాన్ని ఎవరూ సరిచేయలేరు.

6. తేమ: ఎక్కువమంది తప్పు చేసే చోటు

చెక్కలో కణాల గోడలు నీటితో నిండే హద్దు దాదాపు 28 నుంచి 30 శాతం తేమ. అంతకు మించి ఎంత తడిసినా చెక్క ఇంకా ఉబ్బదు. దానికి కిందికి దిగిన ప్రతి శాతానికీ కుంచించుకుంటుంది, ఎక్కిన ప్రతి శాతానికీ ఉబ్బుతుంది.

నా రెండో తప్పు ఇక్కడిది. ఒక చిన్న పడవ అడుగున ఆరు పలకలు మార్చాను. ఎంత ఎండితే అంత మంచిదనుకుని బట్టీలో 8 శాతానికి ఎండబెట్టిన ఓక్ తెచ్చాను, అదీ ఫ్లాట్ కోత. ఒక్కో పలక 150 మిల్లీమీటర్ల వెడల్పు. కాగితం కూడా దూరనంత దగ్గరగా బిగించి, చూసుకుని మురిసిపోయాను. నీళ్ళలోకి దింపిన పదో రోజు లోపలికి చూస్తే మధ్యలో రెండు పక్కటెముకలు మేకు రంధ్రాల దగ్గర అడ్డంగా విరిగి ఉన్నాయి.

నన్ను చూసి ఆ రేవులో ముసలి మేస్త్రి అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "బాబూ, చెక్కకు దాహం వేసింది, తాగింది. తాగినాక ఒళ్ళు పెట్టుకోవడానికి నువ్వు చోటు ఉంచలేదు."

లెక్క వేసి చూస్తే అర్థమైంది. ఓక్ వలయాల వెంట ఒక్క శాతం తేమకు సుమారు 0.35 శాతం ఉబ్బుతుంది. 8 నుంచి 18కి, అంటే 10 శాతం తేమ ఎక్కితే 3.5 శాతం. 150 మిల్లీమీటర్ల మీద 5 మిల్లీమీటర్లకు పైనే. అలాంటివి ఆరు, మొత్తం 30 మిల్లీమీటర్లకు పైనే. ఆ ఒత్తిడి పోవడానికి దారి లేక పక్కటెముకలను విరిచింది. అదే క్వార్టర్ కోత టేకు అయి ఉంటే ఒక్కో పలకకు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా దాటేది కాదు.

నీళ్ళలో ఉండే పలకల పడవకు 12 నుంచి 16 శాతం మధ్య ఆరిన కలప సరైనది. అంతేకాదు, పలకల మధ్య నార కూరి మూసే సందు కూడా వదలాలి, ఉబ్బినప్పుడు ఆ నారే ఒత్తిడిని మింగుతుంది. ఎపాక్సీ అనే నీరు చొరని జిగురుతో అతికి, చుట్టూ పూత వేసి మూసేసే పని అయితే 12 శాతం లోపు ఉండాలి, ఎందుకంటే అక్కడ తేమ మళ్ళీ లోపలికి పోయే దారి ఉండదు, లోపల చిక్కిన తేమ బయటికి రావడానికీ ఉండదు.

చిన్న తేమ మీటరు కొనుక్కోండి. పలక చివర కొలిస్తే తక్కువ చూపిస్తుంది, చివరలు ముందు ఆరుతాయి కాబట్టి. ఒక మూర లోపలికి వెళ్ళి, రెండు మూడు చోట్ల కొలవండి. గాలికి ఆరబెట్టేటట్టయితే 25 మిల్లీమీటర్ల మందానికి ఏడాది అన్నది పాత లెక్క. పలకల మధ్య సన్నని పట్టీలు వేసి, గాలి ఆడేలా నీడలో పేర్చి, చివరలకు రంగో మైనమో పూయండి. లేకపోతే చివరలు తొందరగా ఆరి బీటలు వేస్తాయి.

7. ప్లైవుడ్ సంగతి

మెరైన్ ప్లైవుడ్ అంటే కుళ్ళదని చాలామంది నమ్మకం. మెరైన్ అన్న మాట ప్రధానంగా దాని జిగురు నీటికి విడిపోదని, లోపలి పొరల్లో ఖాళీలు ఉండకూడదని చెప్తుంది. బ్రిటన్ వారి బీఎస్ 1088, మన దేశపు ఐఎస్ 710 ఇలాంటి ప్రమాణాలు. పొరలు ఒకూమె వంటి తేలిక కలపవైతే పలక తేలిగ్గా, వంచడానికి హాయిగా ఉంటుంది, కానీ అంచులు తడికి వదిలేస్తే కుళ్ళుతుంది. అంచు ప్రతిదీ ఎపాక్సీతో రెండు మూడు పొరలు తాగించండి.

ముద్ర చూసి మోసపోకుండా అంచులు చుట్టూ చూడండి. పొరల మధ్య చీకటి సందులు కనిపిస్తే వదిలేయండి. అనుమానం తీరకపోతే అరచేయంత ముక్క అడిగి తెచ్చుకుని, కొన్ని గంటలు ఉడకబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ ఉడకబెట్టండి. పొర విడిపోతే ఆ పలక పడవకు పనికిరాదు.

8. జిగురు, మేకులతో కలప పొత్తు

టేకును అతికేటప్పుడు దాని నూనె జిగురుకు అడ్డం వస్తుంది. అతికే ముఖాన్ని ఎసిటోన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, అది ఆరగానే ఆలస్యం చేయకుండా జిగురు వేయండి. రేపు అతుకుదామని ఈరోజు తుడిచి పెడితే నూనె మళ్ళీ పైకి వస్తుంది. ఓక్ లాంటి గట్టి కలపల ముఖం చిత్రిక పట్టి అద్దంలా మెరుస్తుంటే జిగురుకు పట్టు దొరకదు, 80 నంబరు గరుకు కాగితంతో గీకి అతకండి.

పొడవు సరిపోక పలకలు కలపాల్సి వస్తే మొనలు ఏటవాలుగా చెక్కి అతకండి. ఏటవాలు పొడవు మందానికి కనీసం 8 రెట్లు, స్తంభం లాంటి వాటికి 12 రెట్లు. రెండు ముక్కలూ ఒకే జాతివి, ఒకే కోతవి, ఒకే తేమతో ఉండాలి.

ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. ఇనుము తగిలితే చెక్క నల్లబడుతుంది, మేకు తినేయబడుతుంది, మేకు చుట్టూ చెక్క మెత్తబడుతుంది. సెడార్‌ కూడా ఇనుముకు పడదు. రాగి మేకులు, సిలికాన్ కంచు స్క్రూలు మంచివి. ఇత్తడి వద్దు, ఉప్పునీటిలో దానిలోని జింక్ కరిగిపోయి, ముట్టుకుంటే పొడి అయ్యే గులాబీ రంగు రాగి మిగులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పైన బాగానే ఉంటుంది గానీ నీటి గీత కింద గాలి అందని తడి చెక్కలో కనిపించకుండా తినేయబడుతుంది. పాత పడవలో ఏ లోహం ఉందో చూసి దానితోనే కొనసాగండి. కంచు పక్కన ఇనుము పెడితే ఉప్పునీటిలో ఇనుము ముందు కరిగిపోతుంది.

9. పేరు తెలియని కలప దొరికితే

కొన్నిసార్లు ఎవరూ పేరు చెప్పలేని మంచి పలక చేతికొస్తుంది. దాన్ని తోసేయనక్కర్లేదు. దాని నుంచి నాలుగు వేళ్ళ వెడల్పు ముక్క కోసి, వెడల్పును జాగ్రత్తగా కొలిచి రాసుకోండి. వారం రోజులు నీళ్ళలో ముంచి మళ్ళీ కొలవండి. తరువాత నీడలో ఆరబెట్టి ఇంకోసారి కొలవండి. పాత పలక గట్టి ముక్కను కూడా పక్కనే అలాగే చేయండి. రెండింటి ఉబ్బు దగ్గర దగ్గరగా ఉండి, బీటలు రాకుండా ఉంటే సగం పరీక్ష నెగ్గినట్టే. మిగతా సగం కుళ్ళును తట్టుకునే గుణం, అది వారంలో తేలదు. అందుకే అలాంటి కలపను సులభంగా విప్పి చూడగలిగే చోట, లోపలి నేల పలకలకో, సీటుకో వాడి రెండు మూడేళ్ళు గమనించండి. కీల్‌కు, నీటి గీత కింది పలకకు మాత్రం వాడొద్దు.

10. బిగించే ముందు

కొలిచి కోశాక జిగురూ సందు నారా లేకుండా ఒకసారి అమర్చి చూడండి. వలయాల వంపు ఎటు ఉండాలో అప్పుడే తేల్చుకోవాలి. ఫ్లాట్ కోత పలక ఆరినప్పుడు బెరడు వైపు ముఖం గుంట పడుతుంది. డెక్ మీద బెరడు వైపు పైకి పెడితే అంచులు లేచి నడుమ నీళ్ళు నిలుస్తాయి.

నీళ్ళు చెక్కలోకి దూరేది ఎక్కువగా కొసల నుంచే. పీచు కొసలు స్ట్రాల కట్టలా తెరిచి ఉంటాయి. కాబట్టి పలక రెండు చివర్లనూ, ప్రతి బోల్టు రంధ్రం లోపలి గోడనూ, బిగించాక చేయి అందని వెనక ముఖాన్నీ ముందే పూతతో ముంచండి. పలుచని పూతతో మొదలుపెట్టి, చెక్క తాగడం ఆపేదాకా మళ్ళీ మళ్ళీ వేయండి.

మిగిలిన ముక్కల్లో జానెడుది ఒకటి దాచండి. దాని మీద పెన్సిల్‌తో కలప పేరు, ఏ భాగానికి వాడారు, బిగించిన రోజు తేమ ఎంత, తేదీ రాసి, పడవలోనే పొడిగా ఉండే మూల ఎక్కడైనా కట్టి పెట్టండి. పదిహేనేళ్ళ తరువాత ఆ పక్క పలక మార్చే మనిషి ఎవరైనా సరే, గ్లాసులో నీళ్ళు పెట్టుకుని చెక్క కడ్డీ ఊదకుండానే పని మొదలుపెట్టగలుగుతారు.